కాళ్ళ వాటా

గుణుపురం సంత రోజు
రెల్లివీధి చివర, తెల్లారకముందే
పంది అరుపు ఆగిపోయేది.

తలకాయ కోసినవాడిది.
వీపు మాంసం డబ్బులిచ్చినవాడిది.
పేగులు కడిగిన కుర్రాళ్ళవి.
నాలుగు కాళ్ళూ మాత్రం మా దాలమ్మవి.
ఎవరు రాసిచ్చారు, ఏ కాగితం మీద అంటే
"ఇయ్యే కాయితాలు" అని
రెండు అరచేతులూ చూపించేది:
గడ్డిమంటలో పందిని తిప్పి తిప్పి
బొబ్బలెక్కి, మాని, మళ్ళీ ఎక్కినవి.

కాళ్ళంటే పని.
తాత గెడ్డం గీసి పడేసిన బ్లేడుతో
వేళ్ళ సందుల్లో గీకుతూ కూచునేది.
"ఒక్క ఎంటిక మిగిల్నా
కూరంతా దాని మాటే సెప్తాది."
కొరివికి గిట్ట ఆనించి చిటుక్కున తిప్పితే
చెప్పు విడిచినట్టు ఊడొచ్చేది.
లోపల, పసిపిల్ల మడమ రంగు.
నాకు చూడబుద్ధయ్యేది కాదు.
తినేటప్పుడు గుర్తుండేదీ కాదు.

మట్టి దాక, పసుపు, ఉప్పు, చింత మొద్దు మంట.
నౌపడా బండి వచ్చిన కూత నుంచి
అది తిరిగెళ్ళే కూత దాకా ఉడకాలి.
ఆవిడకి వేరే గడియారం లేదు.
ఒకసారి బండి పర్లాకిమిడి దగ్గర ఆగిపోయింది.
సాయంత్రానికి కాళ్ళు కాళ్ళలా లేవు.
"రైలోడికి బుద్ది నేదు" అని తిడుతూనే
ఎముకలేరి ముద్దని గిన్నెల్లోకి వంచింది.
అంత రుచి మళ్ళీ తగల్లేదు.
మళ్ళీ బండీ అంత ఆలస్యం కాలేదు.

కొండ దిగి సొంబరు తాత
వెదురుకొమ్ముల పులుపు ఆకులో కట్టి తెచ్చి
ఒక కాలు పట్టుకుపోయేవాడు.
ఆయనకి తెలుగు రాదు, ఈవిడకి సవర రాదు,
ఒడియా ఇద్దరికీ సగం సగం.
బేరం మాత్రం పూర్తిగా కుదిరేది.

బాలింతకి ఒక కాలు. మా పిన్నికి పాలు పడనప్పుడు
మిరియం వేసి, కారం లేకుండా.
మిగిలిన రెంటికి మేం తొమ్మండుగురం,
చోడి అంబలి, నంజుకోడానికి పచ్చి ఉల్లిపాయ.
జిగురుకి పెదాలు అతుక్కుపోయేవి.
ఆ పూట మా ఇంట్లో
ఎవరూ ఎవర్నీ తిట్టుకునేవారు కాదు.
పొద్దున్నకి చలికి పులుసు గడ్డకట్టి
దాక కదిపితే వణికేది.
గరిటెతో కోసుకు తినేవాళ్ళం.

చీలమండ ఎముకలు ఐదు
బూడిదతో తోమి, ఎండబెట్టి
గచ్చకాయలాడేదాన్ని.
రాయగడ హాస్టలుకి అగ్గిపెట్టెలో పట్టుకెళ్ళాను.
పక్క మంచం కుంతల అడిగింది, ఏంటివి?
గవ్వలన్నాను.
గోపాల్‌పూర్ సముద్రం అన్నాను.
నేను అప్పటికి సముద్రం చూడలేదు.
ఆ రాత్రే పెట్టెని నూతిలో వదిలేశాను.
చప్పుడు కూడా రాలేదు.

ఇప్పుడు సంతలో కాళ్ళు తూకానికి.
దాలమ్మ పేరు ఆ వీధిలో ఇద్దరికి తెలుసు,
ఒకడికి సరిగ్గా వినపడదు.
మొన్న కొట్లో కుర్రాడు పొట్లం కడుతూ
కుక్కకా అక్కా, అని ఒడియాలో అడిగాడు.
మంచి కుర్రాడే. ఎముక ముక్క ఇంకోటి కొసరు వేశాడు.
కాదు, అన్నాను.
ఆ ఒక్క మాట అనడానికి
నా వెనక ఇద్దరు వరస దాటుకుని వెళ్ళిపోయారు.
నాకే, అన్నాను.

ఇంటికొచ్చి గీకాను. చేతకాలేదు.
గిట్టని పటకారుతో లాగాను, సగం విరిగింది.
కుక్కరు ఎనిమిది కూతలు వేసింది,
ఏ ఊరికీ వెళ్ళకుండానే.
చింతపండు ఎక్కువైంది.
ముద్ద నోట్లో పెట్టుకున్నాక
నాలిక మీద సన్నగా, గరుగ్గా ఒకటి తగిలింది.

ఒక్కటే.
కూరంతా దాని మాటే చెప్పింది.
చివరిదాకా కూచుని విన్నాను.